ఖరీదైన బైనాక్యులర్ పాడైతే: వారంటీ అడిగే ముందు, పార్సిల్ కట్టే ముందు

స్వరోవ్‌స్కీ, జైస్, లైకా పేర్లున్న పై తరగతి బైనాక్యులర్ ఇవాళ రెండు లక్షల రూపాయలు దాటుతోంది. ఆ ధరలో అద్దాల పనితనం ఒక భాగం. ఏళ్లు గడిచాక కూడా దాన్ని విప్పి, సరిచేసి, మళ్లీ సీలు వేసి ఇచ్చే వర్క్‌షాపు ఒకటి ఉందన్న భరోసా ఇంకో భాగం. ఈ రెండో భాగాన్ని చాలామంది సరిగా వాడుకోలేకపోతున్నారు. లోపం ఏమిటో తేల్చకుండా "సరిగా కనపడటం లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. లేదంటే పంపే ముందు ఊళ్లోని కెమెరా మెకానిక్ చేత ఒకసారి విప్పిస్తారు. మొదటి పని వల్ల రిపేరు ఆలస్యమవుతుంది. రెండో పని వల్ల వారంటీయే పోతుంది.

అందుకే కంపెనీకి మెయిలు రాయడానికి ముందే ఇంట్లో ఒక గంట కూర్చుని లోపాన్ని గుర్తించాలి. దీనికి ట్రైపాడ్, చిన్న టార్చి, ఫోను కెమెరా చాలు.

ముందు లోపమేమిటో తేల్చండి

కింద పడిన బైనాక్యులర్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది, రెండు గొట్టాల చూపు ఒకే దిక్కుకు లేకపోవడం. దీన్ని కొలిమేషన్ పోవడం అంటారు. బయటికి గీత కూడా పడకపోవచ్చు, లోపల ప్రిజమ్ (వెలుగును మళ్లించి బొమ్మను నిటారుగా చూపే గాజు దిమ్మె) వెంట్రుకవాసి కదిలితే చాలు. బొమ్మ రెండుగా కనిపించేంత పోతే ఎవరికైనా తెలుస్తుంది. కొంచెమే పోయినప్పుడే చిక్కు. మెదడు రెండు బొమ్మల్నీ బలవంతంగా కలిపేస్తుంది. పావుగంట చూశాక కణతలు లాగుతాయి, బైనాక్యులర్ దించగానే కళ్లు సర్దుకోవడానికి ఒక క్షణం పడుతుంది. దాన్ని అలసట అనుకుని నెలల తరబడి వాడుతూ పోయేవాళ్లున్నారు.

పరీక్ష ఇలా చేయండి. బైనాక్యులర్‌ను ట్రైపాడ్ మీద బిగించి, కనీసం అర కిలోమీటరు దూరంలో అడ్డంగా ఉన్న ఒక గీత మీదికి తిప్పండి. మేడ పిట్టగోడ అంచు, కరెంటు టవరు అడ్డకమ్మీ లాంటివి బాగుంటాయి. మామూలుగా చూసి ఫోకస్ చేశాక, రెండు కళ్లూ తెరిచే ఉంచి, తలను మెల్లగా పది పదిహేను సెంటీమీటర్లు వెనక్కి తీసుకోండి. ఇప్పుడు రెండు చిన్న వృత్తాలు వేరువేరుగా కనిపిస్తాయి. ఎడమ వృత్తంలోని గీత, కుడి వృత్తంలోని గీత ఒకే ఎత్తులో ఉంటే పైకీ కిందికీ తేడా లేనట్టే. ఒకటి మెట్టులా పైకి లేచి ఉంటే అది లోపమే. ఇదే పరీక్షను నడుమ కీలును దగ్గరికి మడిచి ఒకసారి, పూర్తిగా విప్పి ఒకసారి చేయండి. ఒక వెడల్పులో బాగుండి ఇంకో వెడల్పులో తప్పుతుంటే, కీలు ఇరుసుకూ గొట్టాలకూ పొత్తు కుదరడం లేదని అర్థం. ఆ మాట ఫిర్యాదులో తప్పక రాయాలి, ఎందుకంటే వర్క్‌షాపులో ఒకే వెడల్పులో చూసి "బాగానే ఉంది" అనే వీలుంది.

పక్కలకు ఉన్న తేడాను రాత్రిపూట నక్షత్రం మీద చూడవచ్చు. ఒక కంటికి నక్షత్రాన్ని చుక్కలా ఫోకస్ చేసి, రెండో కంటి డయాప్టర్‌ను (రెండు కళ్ల చూపు తేడాను సర్దే రింగు) పూర్తిగా తిప్పేస్తే అక్కడ వెలుగు బిళ్ల కనిపిస్తుంది. కళ్లకు శ్రమ పెట్టకుండా చూసినప్పుడు చుక్క బిళ్ల లోపలే ఉండాలి. దగ్గరి వస్తువు చూడటానికి కళ్లు ఎలాగూ లోపలికి తిరుగుతాయి కాబట్టి, గొట్టాల తేడా వల్ల కొంచెం లోపలికి తిరగాల్సి వచ్చినా ఓర్చుకుంటాయి. బయటి వైపుకు తిరగడం వాటికి అలవాటు లేదు. ఒకటి పైకీ ఒకటి కిందికీ తిరగడం అసలే చేతకాదు. తలనొప్పి తెచ్చేది ఎక్కువగా ఈ చివరి రకమే. బైనాక్యులర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14133లో మామూలు వాడుక పరికరాలకూ మేలురకం పరికరాలకూ వేర్వేరు హద్దులున్నాయి. పై తరగతి బైనాక్యులర్ కొన్నవాళ్లు రెండో హద్దునే కోరాలి. సూర్యుడి మీదికి మాత్రం ఏ పరీక్షకూ తిప్పవద్దు, కన్ను అక్కడికక్కడే పోతుంది.

ప్రిజమ్ కదిలిందేమోనన్న అనుమానం ఉంటే ఇంకో చూపు చూడండి. బైనాక్యులర్‌ను ఆకాశం వైపు పెట్టి, కంటికి ఒక అడుగు దూరంలో పట్టుకుంటే ఐపీసుల (కంటి వైపు లెన్సుల) మధ్యలో తెల్లటి వృత్తాలు కనిపిస్తాయి. ఎనిమిది రెట్ల, 42 మిల్లీమీటర్ల బైనాక్యులర్‌లో ఆ వృత్తం వెడల్పు సుమారు 5.25 మిల్లీమీటర్లు. రెండూ గుండ్రంగా ఉండాలి. ఒకవైపు కత్తిరించినట్టు ఉంటే, అదీ ఒక గొట్టంలోనే ఉంటే, లోపల ఏదో స్థానం తప్పింది. ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. సర్వీసు వాళ్లకు ఇంతకన్నా తేటగా చెప్పే సాక్ష్యం ఉండదు.

రెండోది లోపల ఆవిరి. మన వాతావరణంలో దీని మీద తప్పుడు ఫిర్యాదులు చాలా ఎక్కువ. ఏసీ కారులోంచి కొల్లేరు గట్టు మీద దిగగానే లెన్సు తెల్లబడితే భయపడనక్కర్లేదు, అది బయటి తడి. గుడ్డతో తుడిస్తే పోతుంది, నాలుగైదు నిమిషాలు ఆగినా పోతుంది. ముందు లెన్సూ వెనక లెన్సూ తుడిచాక కూడా మబ్బు అలాగే ఉంటే, అది లోపలిది. ఈ తరగతి బైనాక్యులర్లలో గాలి తీసేసి పొడి నైట్రోజన్‌గానీ ఆర్గాన్‌గానీ నింపుతారు, అతుకుల దగ్గర రబ్బరు రింగులు వేస్తారు. లోపల ఆవిరి పట్టిందంటే ఆ రింగుల్లో ఎక్కడో దారి పడిందన్నమాట. ఎండలో పెట్టి ఆరబెడితే మబ్బు పోయినట్టు కనిపిస్తుంది, దారి మాత్రం మూసుకోదు. మబ్బు ఉన్నప్పుడే ఫొటో తీసి, తేదీతో దాచి, వెంటనే కంపెనీకి రాయండి. ఆలస్యమైతే ఈ లోపమే మూడో లోపానికి దారి తీస్తుంది.

ఆ మూడోది బూజు, ఫంగస్. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే అద్దాల మీద అది వేళ్లూనుకుంటుంది. కాకినాడ, విశాఖ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం మొదలు కార్తీకం దాకా బీరువాలో మూసి ఉంచిన బైనాక్యులర్‌కు ఇది పెద్ద ముప్పు. టార్చిని ముందు లెన్సు వైపు నుంచి ఏటవాలుగా వేసి, వెనక వైపు నుంచి చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కొమ్మలు వేస్తూ కనిపిస్తే అది బూజే. తొలి దశలో తుడిస్తే పోతుంది. ముదిరితే దాన్నుంచి వచ్చే ఆమ్లాలు లెన్సు పూతను తినేస్తాయి, అప్పుడు బూజు తీసినా మచ్చ మిగులుతుంది.

టార్చి వేసినప్పుడు ఒక జాగ్రత్త. ఎంత మంచి కొత్త బైనాక్యులర్‌లోనైనా టార్చి కింద రెండు మూడు ధూళి రేణువులు మెరుస్తాయి. పగటి చూపులో వాటి జాడ ఉండదు, కంపెనీలు వాటిని లోపంగా లెక్కించవు. వాటి కోసం బైనాక్యులర్‌ను సముద్రాలు దాటించడం వృథా. లెన్సు అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మరక, లేదా తెల్లటి అర్ధచంద్రం కనిపిస్తే అది వేరే సంగతి. రెండు అద్దాలను కలిపి అతికించిన జిగురు విడుతోందని దానర్థం.

మిగిలినవి త్వరగా చూసుకోవచ్చు. ఫోకస్ చక్రం తిప్పేటప్పుడు కొంత దూరం వట్టిగా తిరిగి ఆ తర్వాతే బొమ్మ కదిలితే లోపలి పళ్లో కడ్డీయో వదులైంది. కుడి డయాప్టర్‌ను దూరపు వస్తువుకు సరిచేసి, పది అడుగుల దూరానికి ఫోకస్ మార్చినప్పుడు ఒక కన్ను మసకబారితే రెండు గొట్టాల ఫోకస్ కలిసి నడవడం లేదు. కీలును తెరిచి నిలువుగా పట్టుకుంటే గొట్టం దానంతటది జారకూడదు. ఐకప్పు (కంటికి ఆనే కప్పు) ప్రతి మెట్టు దగ్గరా ఆగాలి, నొక్కితే కూలకూడదు.

వారంటీ కాగితంలో చూడాల్సినవి

ఐరోపా కంపెనీలు పై తరగతి బైనాక్యులర్లకు సాధారణంగా పదేళ్ల మాట ఇస్తాయి. అమెరికాలో వోర్టెక్స్ లాంటి కంపెనీలు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. వాళ్ల వీఐపీ వారంటీకి కాలపరిమితి లేదు, బిల్లు అడగరు, చేతులు మారినా వర్తిస్తుంది, మీ చేతిలోంచి జారి పగిలినా చూస్తారు. పోగొట్టుకోవడం, దొంగతనం, కావాలని పాడుచేయడం, చూపుకు అడ్డురాని గీతలు మాత్రం అందులో లేవు. ఏ వారంటీ మంచిదన్న వాదన మీద మా అభిప్రాయం ఇది: కాలపరిమితి లేని వారంటీ చాలా విలువైనదే, కానీ విస్కాన్సిన్‌లో ఉన్న సర్వీసు కేంద్రానికి రాజమండ్రి నుంచి పంపే ఖర్చు లెక్కలో వేసుకున్నాకే దాని నిజమైన విలువ తెలుస్తుంది.

కాగితంలో సంవత్సరాల అంకె కన్నా ముందు చదవాల్సిన మాటలు నాలుగున్నాయి. ఒకటి, వారంటీ మొదట కొన్నవాళ్లకేనా, తర్వాత కొన్నవాళ్లకూనా. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు ధర నిర్ణయించేది ఇదే. రెండు, "జీవితకాలం" అన్న చోట ఎవరి జీవితకాలం. కొన్నవారిదా, వస్తువుదా, ఆ మోడల్‌కు విడిభాగాలు దొరికినంత కాలమా? మూడు, భాగాలవారీ హద్దులు. అద్దాలకూ లోహ భాగాలకూ ఎక్కువ కాలం, లేజరుతో దూరం కొలిచే మోడళ్లలో ఎలక్ట్రానిక్స్‌కు తక్కువ కాలం ఉండటం మామూలు. ఐకప్పులు, పట్టీ, సంచి, పైనున్న రబ్బరు తొడుగు అరుగుదల కిందికి వస్తాయి. నాలుగు, రిజిస్ట్రేషన్. కొన్ని కంపెనీలు కొన్న తర్వాత ఇన్ని వారాల్లో సీరియల్ నంబరు నమోదు చేసుకుంటేనే పూర్తి కాలం ఇస్తాయి. పెట్టె తెరిచిన రోజే ఆ పని చేసేయండి.

అమెరికాలో కొన్నవాళ్లకు అక్కడి 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం తోడుగా ఉంటుంది. రాతపూర్వక వారంటీ "పూర్తి" రకమో "పరిమిత" రకమో అందులో స్పష్టంగా చెప్పాలి. "మేం అమ్మిన పట్టీనే వాడితేనే వారంటీ" లాంటి షరతులు అక్కడ చెల్లవు. ఐరోపా సమాఖ్య దేశాల్లో కొన్నదానికి కంపెనీ వారంటీతో సంబంధం లేకుండా, అమ్మినవాళ్ల మీద కనీసం రెండేళ్ల చట్టబద్ధమైన బాధ్యత ఉంటుంది.

రబ్బరు తొడుగు గురించి విడిగా చెప్పాలి. దోమల మందుల్లో ఉండే డీట్ అనే రసాయనం రబ్బరునూ కొన్ని ప్లాస్టిక్కులనూ కరిగిస్తుంది. సన్‌స్క్రీన్ కూడా మేలు చేయదు. చేతులకు రాసుకుని, అదే చేతులతో గంటల తరబడి బైనాక్యులర్ పట్టుకుంటే కొన్నేళ్లకు తొడుగు జిగురుగా మారి ఊడుతుంది. దీన్ని కంపెనీ తయారీ లోపంగా ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనప్పుడు డబ్బులిచ్చి మార్పించుకోవడమే దారి. పులికాట్ లాంటి చోట్లకు వెళ్లేటప్పుడు మందును బట్టలకు రాసి, అరచేతులు కడుక్కుని పరికరం పట్టుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

కొన్న దేశం, వాడే దేశం వేరైనప్పుడు

మనవాళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. డాలస్‌లో ఉన్న అబ్బాయి నాన్నకోసం బైనాక్యులర్ కొని పంపుతాడు, నాలుగేళ్ల తర్వాత అది గుంటూరులో పాడవుతుంది. ఒకే మోడల్‌కు ఉత్తర అమెరికాలో ఒక షరతు, ఐరోపాలో ఒక షరతు, ఇండియాలో ఒక షరతు ఉండవచ్చు. కొన్న దేశంలోని శాఖే బాధ్యత వహిస్తుందని కొన్ని కాగితాలు తేల్చి చెబుతాయి. స్వరోవ్‌స్కీ ఆప్టిక్ ఉత్తర అమెరికా శాఖ రోడ్ ఐలాండ్‌లోని క్రాన్‌స్టన్‌లో ఉంది, మూల కర్మాగారం ఆస్ట్రియాలోని ఆబ్సామ్‌లో ఉంది. గుంటూరు నుంచి ఎటు పంపాలన్నది మీరు ఊహించుకోకండి. సీరియల్ నంబరూ, బిల్లూ జతచేసి మెయిలు రాస్తే ఏ కేంద్రానికి పంపాలో వాళ్లే చెబుతారు. ఆ జవాబును అచ్చు తీసి పెట్టుకోండి, కస్టమ్స్ దగ్గర కూడా పనికొస్తుంది.

ఇండియాలో కొనేటప్పుడు అధికారిక డీలరా కాదా అన్నది కంపెనీ వెబ్‌సైటులోని జాబితాలోనే సరిచూసుకోవాలి, షాపులో వేలాడదీసిన బోర్డు చాలదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. నంబరు సాధారణంగా కీలు కింద గానీ, రెండు గొట్టాల మధ్య వంతెన మీద గానీ ఉంటుంది. అది గీకేసి ఉన్న పాత బైనాక్యులర్‌ను ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

ఎందుకు విప్పకూడదు

పాతకాలపు పోరో ప్రిజమ్ బైనాక్యులర్ (గొట్టాలు మెట్టులా పక్కకు జరిగి ఉండే రకం), సీలు లేనిది, అయితే మంచి చేయి ఉన్న స్థానిక మెకానిక్ చక్కగా శుభ్రం చేసి ఇవ్వగలడు. అందులో ముందు లెన్సు చుట్టూ ఒకదానిలో ఒకటి తిరిగే రెండు రింగులో, ప్రిజమ్‌ను వంచే చిన్న మరలో ఉంటాయి, వాటితో చూపు కలపవచ్చు. ఇప్పటి రూఫ్ ప్రిజమ్ బైనాక్యులర్ (గొట్టాలు తిన్నగా ఉండే రకం) అలాంటిది కాదు. ప్రిజమ్ ముఖాల మీద చూపు స్పష్టత కోసం వేసే పూతలున్నాయి. జైస్ 1988లో తెచ్చిన ఫేజ్ పూతతో మొదలై, అద్దంలా వెలుగును తిప్పికొట్టే పలచని పొరల దాకా ఎన్నో. ఒక్కసారి తప్పుడు ద్రావకం తగిలితే అవి పోతాయి.

కంపెనీ వర్క్‌షాపులో జరిగే పని చూస్తే తేడా అర్థమవుతుంది. ముందు బైనాక్యులర్‌ను కొలిమేటర్ ముందు పెట్టి రెండు గొట్టాల తప్పు ఎటు ఎంతో కొలుస్తారు. విప్పాక పాత గ్రీజు తీసి కొత్తది వేస్తారు, తెరిచిన ప్రతి అతుకు దగ్గరా రబ్బరు రింగు మారుస్తారు. కీలును ఏ వెడల్పులో పెట్టినా చూపు కలిసేలా ముందు లెన్సులనో ప్రిజమ్‌లనో జరిపి స్థిరపరుస్తారు. తర్వాత లోపలి తడిగాలిని బయటికి తోసి పొడి నైట్రోజన్ నింపి, ఒత్తిడి పెట్టి కారుతోందేమో చూస్తారు. చూపు "ఒక వెడల్పులో" మాత్రమే కలిపి ఇచ్చే రిపేరు చవకగా దొరుకుతుంది. మీ కళ్ల దూరానికి అది సరిపోవచ్చు కూడా, ఇంట్లో ఇంకొకరు కీలు మార్చి చూడగానే తప్పుతుంది.

మీరు ఇంట్లో చేయదగ్గ పనులు కొన్నే: చాలా మోడళ్లలో ఐకప్పులు చేత్తో తిప్పితేగానీ లాగితేగానీ ఊడతాయి, వాటిని కడిగి మళ్లీ పెట్టవచ్చు. విడిగా తెప్పించుకుని మార్చుకోవచ్చు కూడా. కొత్త ఐకప్పు కోసం మొత్తం పరికరాన్ని పంపకండి. సముద్రతీరంలో ఉప్పునీటి తుంపర పడితే, నీరు చొరనిదని కంపెనీ చెప్పిన మోడల్ అయితే, సన్నని ధారగా మంచినీటి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఇసుక ఉన్నప్పుడు ఫోకస్ చక్రం తిప్పవద్దు. లెన్సుకు ముందు బ్లోయర్, తర్వాత మెత్తని బ్రష్, ఆ తర్వాతే తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. ద్రవాన్ని గుడ్డ మీదే వేయాలి, లెన్సు మీద పోయకూడదు. పంచె కొంగుతో, చొక్కా అంచుతో పొడిగా తుడవడం వల్ల పడే గీతల్ని ఏ వారంటీ కూడా తీర్చదు.

ఫిర్యాదు రాయడం, పార్సిల్ కట్టడం

సర్వీసు వాళ్లకు కావాల్సినవి కొద్దే: మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, బిల్లు ప్రతి, లోపం, అది ఎప్పుడు ఎలా మొదలైంది, మీరు చేసిన పరీక్ష, దాని ఫలితం. "దూరంగా ఉన్న అడ్డగీతను చూస్తే కుడి బొమ్మ ఎడమదానికన్నా పైకి ఉంది, కీలు పూర్తిగా విప్పినప్పుడు ఎక్కువ" అని రాస్తే సాంకేతిక నిపుణుడికి పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. పడిపోయి ఉంటే పడిపోయిందనే రాయండి. రబ్బరు తీస్తే దెబ్బ తగిలిన లోహం వాళ్లకు ఎలాగూ కనిపిస్తుంది. దాచారని తేలితే వాళ్లు మంచితనంతో చేసే చిన్న పనులు కూడా బిల్లులోకి ఎక్కుతాయి. "వారంటీలోకి రాకపోతే, అంచనా ధర చెప్పి నా అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టండి" అన్న వాక్యం చివర తప్పనిసరి. రిపేరు వద్దంటే తనిఖీ రుసుము, తిరుగు రవాణా ఎవరివో కూడా ముందే అడగండి.

పార్సిల్‌కు పట్టీ, సంచి తీసేసి, లెన్సు మూతలు పెట్టి, పాలిథిన్ కవరులో తేమను పీల్చే సిలికా జెల్ చిన్న సంచి వేసి మూయండి. బబుల్ షీటు మూడు నాలుగు చుట్లు చుట్టి చిన్న అట్టపెట్టెలో కదలకుండా బిగించాలి. ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో, ఆరు వైపులా కనీసం 5 సెంటీమీటర్లు మెత్తని పదార్థం ఉండేలా పెట్టాలి. నలిపిన న్యూస్‌పేపరు దారిలో అణగారిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. లేజరు మోడల్ అయితే బ్యాటరీ తీసేయండి. సీఆర్2 లాంటి లిథియం బ్యాటరీలకు విమాన రవాణాలో వేరే నిబంధనలున్నాయి, దానివల్లే పార్సిళ్లు ఆగిపోతాయి. కట్టే ముందు నాలుగు వైపుల నుంచీ, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. బీమా పూర్తి విలువకు చేయించండి.

కస్టమ్స్ దగ్గర తప్పు జరిగితే

ఇండియా నుంచి బయటికి పంపినప్పుడు డబ్బు పోయేది రిపేరు దగ్గర కాదు, తిరిగి వచ్చేటప్పుడు కట్టే సుంకం దగ్గర. పంపేటప్పుడు "గిఫ్ట్" అనో "శాంపిల్" అనో రాసి తక్కువ విలువ వేస్తే, వెనక్కి వచ్చినప్పుడు అది కొత్తగా దిగుమతి అయిన వస్తువుగా లెక్కకు వస్తుంది, పూర్తి విలువ మీద సుంకం పడుతుంది.

2017 జూన్ 30 నాటి 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ దీనికి దారి చూపిస్తుంది. రిపేరు కోసం ఎగుమతి చేసి తిరిగి తెచ్చుకున్న వస్తువుకు, రిపేరు న్యాయమైన ఖరీదు, అందులో వాడిన భాగాలు, రానూపోనూ రవాణా, బీమా, వీటి మొత్తం మీదే సుంకం లెక్కిస్తారు. వారంటీ కింద ఉచితంగా చేసినా రిపేరుకు ఒక న్యాయమైన విలువ చూపాల్సిందే. షరతులు: నిర్ణీత గడువులోపు తిరిగి రావాలి, పంపిన వస్తువే రావాలి, యజమాని మారకూడదు.

కాబట్టి షిప్పింగ్ బిల్లులోనే (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే కాగితం) "రిపేరు కోసం ఎగుమతి, తిరిగి వస్తుంది" అని, సీరియల్ నంబరుతో సహా రాయించాలి. కస్టమ్స్ సుంకాల పట్టికలో బైనాక్యులర్లు 9005 శీర్షిక కిందికి వస్తాయి. ఇంటి దగ్గరి కొరియర్ కౌంటరులో ఈ పని సరిగా జరగకపోవచ్చు. కొరియర్ కంపెనీ ఎగుమతి విభాగంతోగానీ కస్టమ్స్ బ్రోకరుతోగానీ మాట్లాడి, కాగితాల ప్రతులు చేతికి వచ్చాకే పార్సిల్ ఇవ్వండి. తిరిగి పంపే ఇన్వాయిసులో అదే సీరియల్ నంబరు, "రిపేరై యజమానికి తిరిగి వెళ్తోంది" అన్న మాట, రిపేరు విలువ ఉండాలని కంపెనీకి ముందే మెయిలు పెట్టండి.

ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. రిపేరు కుదరక కంపెనీ ఉదారంగా కొత్త బైనాక్యులర్ పంపితే, సీరియల్ నంబరు మారుతుంది, "పంపిన వస్తువే" అన్న షరతు తప్పుతుంది. అప్పుడు పూర్తి విలువ మీద సుంకం అడిగే అవకాశం ఉంది. మార్పిడి ప్రస్తావన రాగానే దాన్ని అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న మీవాళ్ల చిరునామాకు పంపమనడం మేలేమో ఆలోచించండి.

ఎవరైనా విదేశం వెళ్తూ చేత్తో తీసుకెళ్తుంటే, బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర వస్తువు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. చెక్‌ఇన్‌కు ముందే, సామాను చేతిలో ఉండగానే వెళ్లాలి. అమెరికాలో ఉండి ఇండియాకు వచ్చిపోయేవాళ్లకు అక్కడ ఇదే పనికి 4457 అనే ఫారం ఉంది.

తిరిగి వచ్చాక

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. పనుల జాబితా చదివి, పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ చేయండి. కీలును మూడు వెడల్పుల్లో పెట్టి అడ్డగీత పరీక్ష, టార్చి పరీక్ష, ఫోకస్, డయాప్టర్. తేడా ఉంటే ఆ వారంలోనే రాయాలి. రిపేరు చేసిన భాగానికి వేరే గడువు ఇచ్చారేమో కాగితంలో చూడండి.

వారంటీ నిరాకరిస్తే ముందు కారణాన్ని రాతలో అడగండి. బూజును నిల్వ తప్పుగా చూపి తోసిపుచ్చితే, లోపల ఆవిరి పట్టినప్పటి ఫొటో, తేదీ అప్పుడు పనికొస్తాయి. సీలు ముందే పోయిందని, దానివల్లే తేమ చేరిందని వాటితోనే చూపించగలరు. ఇండియాలోని అమ్మకందారు మాట దాటేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు చెప్పవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

రిపేరై వచ్చినదాన్ని తోలు సంచిలో పెట్టి బీరువాలో వేయకండి, తోలు తేమను పట్టుకుంటుంది, బూజుకు తిండి కూడా అవుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు ఉంటే చాలు. తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. నీలిరంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెన్‌లో వేడిచేసి, చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. వానాకాలంలో వారానికోసారి మూత తీసి మీటరు చూడండి, మిగతా నెలల్లో నెలకోసారి సరిపోతుంది.